ముందు చెవి

మా బాబాయ్‌కి అన్యాయం జరిగిన క్షణంలో ఆయన నడుం వంచి ఉన్నాడు. కారు బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఏసీ కంప్రెసర్ మీద ఆనించి, దాని పిడిని చెవికి తగిలించుకోబోతున్నాడు. వెనక నుంచి మేస్త్రి గారి గొంతు వినపడింది.

"నువ్వు కాస్త పక్కకి జరుగు. ఇవాళ్టి నుంచి ముందు అల్లుడు వింటాడు."

మామూలు షెడ్డయితే సుత్తి మోతల మధ్య ఆ మాట ఎవరికీ వినపడకపోయేదేమో. కానీ ఆ షెడ్డులో ఎవరైనా బండి ఏసీ చప్పుడు వినడానికి వంగితే, మిగిలినవాళ్లంతా పని ఆపేసి నిలబడాలి. రేడియో కట్టేయాలి. చేతిలో పానా ఉంటే కింద కూడా పెట్టకూడదు, అది చప్పుడు చేస్తుంది కనుక. అలా అందరూ బొమ్మల్లా నిలబడి ఉన్నప్పుడు మేస్త్రి గారు ఆ మాట అన్నారు. వెల్డరు విన్నాడు. పెయింటు వాళ్లు విన్నారు. బండి తెచ్చినాయన విన్నాడు. బాబాయ్ నడుం నిటారు చేసుకోవడానికి చాలాసేపు పట్టింది. వంగడానికి పట్టిన టైం కంటే లేవడానికి ఎక్కువ పడితే ఎలా ఉంటుందో, వీధికి ఇవతలి నుంచి నేను చూశాను.

నేను ఆ షెడ్డుకి ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడతాను. బెల్టులు, బేరింగులు, రబ్బరు వాషర్లు వాళ్లకి అందించేది నేనే. మధ్యలో సన్నటి వీధి ఒక్కటే. అంచేత ఇందులో చాలా మటుకు నేను కళ్లారా చూసిందే. మిగిలింది పిన్ని చెప్పింది.

'ముందు చెవి' అంటే ఏమిటో చెప్పకపోతే మా బాబాయ్ ఏం పోగొట్టుకున్నాడో ఎవరికీ అర్థం కాదు. ఏసీ వేస్తే చప్పుడొస్తోందని బండి వస్తుంది. ఆ చప్పుడు కంప్రెసర్‌ది కావచ్చు, దాని ముందుండే పుల్లీ బేరింగుది కావచ్చు, బండి ముఖాన తిరిగే ఫ్యాన్‌ది కావచ్చు, డాష్‌బోర్డు వెనక బ్లోయరులో ఎండుటాకు పడి కావచ్చు. ఒక్కోసారి క్లిప్పు ఊడిన గొట్టం పక్క రేకుకి తగులుతూ ఉంటుంది, అంతే. ఇద్దరు ముగ్గురు ఒకేసారి వంగి తలో మాటా అంటే ఎవరికీ ఏదీ వినపడదని మేస్త్రి గారి సిద్ధాంతం. కాబట్టి మొదట ఒక్కడే వింటాడు. విన్నాక పైకి, అందరికీ వినపడేలా, ఒకే ఒక్క మాట అంటాడు. "బేరింగు." లేదా "బ్లోయరు." అంతే. ఆ హక్కున్న వాడిదే ముందు చెవి. ఆ తర్వాత కావాలంటే మిగతావాళ్లు వినొచ్చు. వినీ, "కాదు" అనొచ్చు కూడా. కానీ కాదన్నవాడే స్వయంగా విప్పి చూపించాలి. చూపించాడా, ముందు చెవి వాడిదవుతుంది. మేస్త్రి గారు కుర్రతనంలో తన గురువు నుంచి అలాగే తీసుకున్నారట. ఆ కథ చెప్పేటప్పుడల్లా ఆయన తన చెవి తమ్మె పట్టుకుని మెల్లగా లాగుకునేవారు.

బాబాయ్ మీసాలు రాని రోజుల్లో ఆ షెడ్డులో చేరాడు. మనిషి సన్నగా, మెడ కొంచెం ముందుకి వంగి, ఎప్పుడూ ఏదో వింటున్నట్టే ఉంటాడు. మాట తక్కువ. గర్వం మాత్రం తక్కువ కాదు. ఆయన పని తెలిసినవాడు, తెలుసునని తెలిసినవాడు. వీధి మలుపు తిరుగుతున్న కారు చప్పుడు విని, టీ గ్లాసు పెదాల దగ్గరే ఉంచి "పుల్లీ" అనేవాడు. ఆ కారు సరిగ్గా మా ముందే వచ్చి ఆగితే, టీ మొత్తం తాగేదాకా దాని వంక చూసేవాడే కాదు. ఆ దర్జా నాకు ఇష్టంగా ఉండేది. మనవాళ్లలో దర్జాకి తగిన పని ఉన్నది ఆయన ఒక్కడికే.

ఒకసారి ఒక పెద్ద కారు వచ్చింది. మరో రెండు షెడ్లలో కంప్రెసర్ పోయిందని తేల్చేశారట. మేస్త్రి గారు కూడా విని అనుమానంగా తల ఊపారు. బాబాయ్ విన్నాడు, చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. చప్పుడు ఆగింది. వదిలాడు, మళ్లీ వచ్చింది. గొట్టాన్ని పట్టి ఉంచే బిళ్లలో రబ్బరు ఊడిపోయింది. పాత ట్యూబులోంచి ముక్క కోసి దూర్చాడు. బండి యజమాని నోరెళ్లబెట్టాడు. మేస్త్రి గారు బాబాయ్ భుజం మీద చెయ్యి వేసి, అందరి ముందూ, "నా తర్వాత ముందు చెవి వీడిదే" అన్నారు.

నా తర్వాత అన్నారు కానీ, మేస్త్రి గారి వినికిడి తగ్గుతున్నకొద్దీ ఆ 'తర్వాత' అనేది ఆయనుండగానే మెల్లగా వచ్చేసింది. బాబాయ్ వినేవాడు, మేస్త్రి గారు కుర్చీలో కూర్చుని తల ఊపేవారు. అడగకుండానే దక్కింది కదా అని బాబాయ్ అనుకున్నాడు. మళ్లీ ఒకసారి పైకి చెప్పించుకోవాలని తోచలేదు.

మేస్త్రి గారి కూతురికి పెళ్లయింది. అల్లుడు ఒక పెద్ద షోరూంలో పనిచేసి వచ్చాడు. చదువుకున్నవాడు. మామగారి షెడ్డు చూసుకుంటానన్నాడు. అతని దగ్గర ఒక చిన్న నల్ల పెట్టె ఉండేది. దాని తీగల చివర క్లిప్పులు బండిలో నాలుగు చోట్ల తగిలించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బటను తిప్పుతూ ఏ చోట చప్పుడు పెద్దగా ఉందో వినేవాడు. చూసేవాళ్లకి డాక్టరు దగ్గరికి వచ్చినట్టుండేది. "బయటి వాళ్లు ఇప్పుడు మిషన్నే నమ్ముతున్నారురా, నేనేం చెయ్యను" అని మేస్త్రి గారు బాబాయ్‌తో అన్నారు, పక్కకి జరగమన్న రోజు సాయంత్రం. అది మిషను గురించి కాదని, కూతురు గురించని ఇద్దరికీ తెలుసు. బాబాయ్ "సరే మేస్త్రి గారూ" అన్నాడు.

ఇక్కడ అల్లుడు చెడ్డవాడైతే కథ సులువయ్యేది. వాడు చెడ్డవాడు కాదు. అదే ప్రాణం తీసింది. మంచివాణ్ణి చూసి కుళ్లుకోవడమంత కష్టమైన పని ఇంకోటి లేదు, తోడు ఎవరూ రారు. అల్లుడు ముందు విని తన మాట చెప్పాక, ప్రతిసారీ బాబాయ్ వైపు తిరిగేవాడు.

"అన్నయ్యా, మీరూ ఒకసారి వింటారా?"

"ముందు చెవి చెప్పాక ఇంకేముంది వినడానికి?" అనేవాడు బాబాయ్, చేతులు తుడుచుకుంటూ. తర్వాత నా కౌంటరు దగ్గరికి వచ్చి, "అన్నయ్యంట! నేనెప్పుడు పుట్టానురా వీడికి అన్ననై?" అని పళ్లు నూరేవాడు.

"మరేమని పిలవాలి బాబాయ్?"

"పిలవకూడదు."

అల్లుడిలో తప్పు వెతకడం ఆయనకి రెండో ఉద్యోగమయింది. అల్లుడు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుగుతాడని తప్పు పట్టాడు. చొక్కాకి గ్రీజు అంటదని తప్పు పట్టాడు. "పనిచేసే వాడి చొక్కాకి గ్రీజు అంటదా? అంటలేదంటే చెయ్యట్లేదన్నమాట." టీ కుర్రాడు మొదటి గ్లాసు అల్లుడికి ఇస్తే, తన గ్లాసు చల్లారిందని తిప్పి పంపేవాడు. ఇద్దరి గ్లాసులూ ఒకే కెటిల్లోంచి పోసినవే. అల్లుడు ఒక ఆడమనిషి బండికి బ్లోయరులోంచి ఎండుటాకులు తీసి, అరచేతిలో పెట్టి చూపిస్తూ "మీ కారు చెట్టు కింద పెడతారు కదండీ?" అన్నాడు. ఆవిడ నవ్వింది. బాబాయ్ నాతో, "చూశావా? ఆకులు తీసినందుకు ఆ నవ్వు. నేను జీవితమంతా తీశాను, ఒక్కరు నవ్వారా?" అన్నాడు.

"నువ్వెప్పుడైనా చేతిలో పెట్టి చూపించావా బాబాయ్?"

"చూపించాలా? ఆకు ఆకులాగే ఉంటుంది."

ఇంట్లో పిన్ని వేరేలా చెప్పేది. ఆదివారాలు ఈయన స్క్రూడ్రైవరు తెచ్చుకుని ఫ్రిజ్ వెనక కూర్చునేవాడట, పిడి చెవికి పెట్టుకుని. అల్లుడి పెట్టె కంటే తన చెవి పదునని చూపించాలంటే సానబెట్టుకోవాలి కదా మరి. "ఏమయ్యా, ఫ్రిజ్‌కి జ్వరమొచ్చిందా?" అని అడిగితే చెయ్యి ఎత్తి మాట్లాడొద్దన్నాడట. ఇంకో రోజు పక్కింటి వాళ్లు మిక్సీ వేస్తే గోడకి చెవి ఆనించి, "బుష్ పోతోంది" అన్నాడట. పక్కింటావిడకి పిన్ని ఆ మాట చెబితే, "గోడకి చెవి పెట్టి మా మాటలు వింటున్నారా?" అని ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "మీ మాటలు కాదమ్మా, మీ మిక్సీ" అంటే నమ్మితేనా.

పిన్ని ఒకసారి అల్లుణ్ణి చూసింది, షెడ్డుకి అన్నం క్యారియరు తెచ్చినప్పుడు. అతను ఎదురెళ్లి అందుకుని, "వదినగారూ, ఎండలో మీరెందుకొచ్చారు, ఫోన్ చేస్తే నేను పంపించేవాణ్ణిగా" అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఆవిడ నోరు జారింది.

"పాపం, మంచి పిల్లాడే."

బాబాయ్ ముద్ద కింద పెట్టేశాడు. "అయితే అన్నం వాడికే పెట్టు" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ మరుసటి రోజు నుంచి క్యారియరు తనే తీసుకెళ్లాడు, పిన్ని మళ్లీ షెడ్డు గుమ్మం తొక్కకుండా.

ఇదంతా పైపై మంట. లోపల ఆయన ఒకే ఒక్కదాని కోసం కాచుకుని ఉన్నాడు. అల్లుడు ఒక్కసారి, ఒక్క బండి దగ్గర తప్పు మాట అంటే చాలు. తను "కాదు" అంటాడు. విప్పుతాడు. చూపిస్తాడు. పద్ధతి ప్రకారం ముందు చెవి తనదవుతుంది. మేస్త్రి గారు కాదనలేరు, ఆయనకి దక్కింది కూడా అలాగే కదా. ప్రతి బండికీ ఆయన దూరంగా నిలబడి, అల్లుడి పెదాల వంక చూసేవాడు. అల్లుడు "బేరింగు" అంటాడు, అది బేరింగే. "బెల్టు" అంటాడు, అది బెల్టే. వాన కోసం ఆకాశం చూసినట్టు అల్లుడి తప్పు కోసం చూశాడు బాబాయ్. నేనూ చూశాను. చదువుకున్నవాడు ఒకసారైనా బోర్లా పడితే బాగుండునని ఆ వీధిలో కోరుకున్నది ఆయన ఒక్కడే కాదు.

ఒక రోజు కంటి డాక్టరమ్మ తెల్ల కారు వచ్చింది. ఏసీ వేసిన కాసేపటికి ముందు నుంచి గరగరమని చప్పుడు, కంకర నమిలినట్టు. ఆపితే పోతుంది. ఆవిడ మేస్త్రి గారికి పాత పరిచయం. కళ్లకి ఆపరేషను చేసింది కూడా ఆవిడే. అందుకని మేస్త్రి గారు కుర్చీలోంచి లేచి వచ్చి నిలబడ్డారు. ఆవిడ చేతి సంచీ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. రేడియో ఆగింది. షెడ్డు సద్దుమణిగింది. ఏసీ వేశారు. కంప్రెసర్ పట్టుకున్నప్పుడు వచ్చే 'టక్' వినపడింది. కొంచెం ఆగి గరగర మొదలైంది.

అల్లుడు ఆ రోజు పెట్టె కూడా తీయలేదు. గ్రిల్లు ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టి గాలి చూసుకుని, "ఫ్యాన్" అన్నాడు.

పెట్టె లేకుండా అనడం బాబాయ్‌ని కాల్చింది. అప్పటిదాకా ఆయనకి ఒక ఊరట ఉండేది: వినేది వాడు కాదు, వాడి పెట్టె అని. ఇప్పుడు అదీ పోయింది. ఈసారి అల్లుడు "అన్నయ్యా, మీరూ..." అంటుండగానే ఆయన ముందుకొచ్చాడు. స్క్రూడ్రైవరు మొన కంప్రెసర్ మీద పెట్టాడు, పిడి చెవికి ఆనించాడు, కళ్లు మూసుకున్నాడు. ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది. అంత ఆనందం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"కాదు. కంప్రెసర్."

మేస్త్రి గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నాడు?" అని అడిగారు. వెల్డరు ఆయన చెవిలో గట్టిగా చెప్పాడు. మేస్త్రి గారు బాబాయ్ వంక చూసి, "కాదంటున్నావా?" అన్నారు.

"కాదంటున్నాను."

"అయితే విప్పు."

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. ఫ్యానా, కంప్రెసరా అని తేల్చుకోవడానికి వేరే విద్యేం అక్కర్లేదు. ఫ్యాన్‌కి వెళ్లే వైరు క్లిప్పు ఒక్క క్షణం పీకితే చాలు. చప్పుడు ఆగితే ఫ్యాన్, ఆగకపోతే కంప్రెసర్. ఆ షెడ్డులో చేరిన ప్రతివాడికీ ఆ చిట్కా నేర్పింది బాబాయే. వెల్డరు ఊరుకోలేక అన్నాడు, "ఎందుకొచ్చిన గొడవ గురువా, ముందా ఫ్యాన్ వైరు పీకి చూడరాదూ?"

"ఎవడో ఫ్యానంటే నేను ఫ్యాన్ వైరు పీకాలా?" అన్నాడు బాబాయ్. "నేను కంప్రెసర్ అన్నాను. కంప్రెసర్ విప్పుతాను."

అల్లుడు నోరు తెరిచి మూసుకున్నాడు. చెబితే అవమానించినట్టవుతుందని ఆగాడు. ఆ ఆగడం కూడా బాబాయ్ చూశాడు. దానికీ ఒళ్లు మండింది.

గ్యాసు మిషనులోకి లాగేశాడు. బెల్టు తప్పించాడు. గొట్టాలు ఊడదీసి, మూతులకి దుమ్ము పోకుండా గుడ్డ కట్టాడు. కంప్రెసర్‌ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో బల్ల మీదికి తెచ్చాడు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. ఆ చేతుల్లో తొందర లేదు. పద్ధతి తప్పకుండా చేస్తే పద్ధతి తనకి న్యాయం చేస్తుందన్న ధీమా అది. లోపలి ఆయిల్ తెల్లటి గుడ్డ మీదికి వంచాడు. అరిగిన కంప్రెసర్ అయితే ఆయిల్ నల్లబడి, అందులో లోహం పొడి మెరుస్తుంది. ఆయిల్ తేనెలా ఉంది. గుడ్డని వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి తీసుకెళ్లాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వీధిలోకి వచ్చి ఎండలో పట్టుకున్నాడు. నాకు ఎదురుగా, అంత దగ్గర్లో నిలబడి, నన్ను చూడలేదు. ఒక్క మెరుపు కోసం ఆ గుడ్డని వెతుకుతున్నాడు. తర్వాత వెనక్కి వెళ్లి వెనక మూత తీశాడు. లోపల అన్నీ కొత్తవాటిలా నున్నగా ఉన్నాయి.

మేస్త్రి గారు వంగి చూశారు. తిట్టలేదు. "మూసెయ్" అన్నారు. తిట్టినా బాగుండేది.

బాబాయ్ చేతులు కడుక్కునే వంకతో పంపు దగ్గరికి వెళ్లాడు. అల్లుడు దాని కోసమే చూస్తున్నాడు. ఆయన వీపు తిరిగాక, ఫ్యాన్‌కి నేరుగా కరెంటు ఇచ్చి, చడీచప్పుడు కాకుండా... కానీ కాసేపటికి ఫ్యాన్ చప్పుడు చేసింది, గరగరమని, బల్ల మీద కంప్రెసర్ ముక్కలుగా పడి ఉండగానే. వైరు పీకగానే ఆగింది. మోటారులో ఇరుసు తిరిగే బుష్ అరిగి, వేడెక్కాక రెక్క పక్కకి వాలి చట్రానికి రాసుకుంటోంది. ఆ కంపనం గొట్టాల వెంట పాకి కంప్రెసర్‌కి చేరుతుంది. అక్కడ చెవి పెట్టినవాడికి అక్కడే పుట్టినట్టు వినపడుతుంది. బాబాయ్ పంపు తిప్పి వదిలేసి, నీళ్లు కారుతున్న చేతులతో కిటికీలోంచి అదంతా చూస్తున్నాడు.

తర్వాత అల్లుడు డాక్టరమ్మతో అన్న మాట ఇంకా ఘోరం. "అన్నయ్య విప్పి చూడటం మంచిదైందండీ. లోపల శుభ్రంగా ఉందని తేలింది. లేకపోతే ఆ అనుమానం అలా ఉండిపోయేది. సీళ్లు కూడా కొత్తవి వేసేస్తాడు." ఆవిడ బాబాయ్‌కి థాంక్స్ చెప్పింది. సీళ్లు నా కౌంటరు దగ్గరే తీసుకున్నాడు బాబాయ్. నేను అందిస్తుంటే నా వంక చూడకుండా అన్నాడు, "వాడు నన్ను కాపాడాడురా. చూశావా ఎంత పొగరో!"

ఆ తర్వాత వెల్డరు ఆయనకి 'ఫ్యాన్ గారు' అని పేరు పెట్టాడు. అల్లుడు వెల్డర్ని గట్టిగా మందలించాడు. బాబాయ్‌కి వెల్డరు మీద కోపం రాలేదు, మందలించినవాడి మీద వచ్చింది. పిన్ని నా దగ్గర వాపోయింది. "ఎండాకాలం బాబూ, ఇంట్లో ఫ్యాన్ వెయ్యనివ్వడు. చప్పుడంట. నాకు చెమట, ఆయనకి పౌరుషం." చెబుతూ ఆవిడే నవ్వింది, ఆ నవ్వుతోనే కళ్లు తుడుచుకుంది.

చివరికి ఒక రోజు మేస్త్రి గారితో, ఒంట్లో బాగుండటం లేదని చెప్పి మానేశాడు. ఒక బస్సుల కంపెనీ షెడ్డులో చేరాడు. బస్సులకి ఏసీ నెత్తి మీద ఉంటుంది. నిచ్చెన వేసుకుని పైకెక్కితే అక్కడ ఒక్కడే. వినేవాడు లేడు, చెప్పేవాడు లేడు.

ఆ లోపు మేస్త్రి గారికి వినికిడి పూర్తిగా పోయింది. షెడ్డుకి రావడం మానేశారు. ఒక మధ్యాహ్నం అల్లుడు నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. బేరింగు కోసమనుకున్నాను. కాదు.

"నువ్వు కాస్త అన్నయ్యకి చెప్పు" అన్నాడు. "నేను పిలిస్తే రాడు. మామయ్య మాటిచ్చారని మొన్ననే మా ఆవిడ చెప్పింది. నాకు తెలీదు, నిజంగా. ఆయన్ని రమ్మను. ముందు చెవి ఆయన్నే తీసుకోమను. నేను పక్కన నిలబడి నేర్చుకుంటాను."

నిజంగానే అన్నాడు. ముఖంలో ఎక్కడా వెటకారం లేదు, నేను వెతికాను. అంత పెద్దదాన్ని అంత తేలిగ్గా ఇచ్చేయగలిగిన మనిషిని చూస్తే నాకే కడుపు మండింది, ఇక బాబాయ్ సంగతి చెప్పాలా?

సెలవు రోజు చూసుకుని బస్సుల షెడ్డుకి వెళ్లాను. బాబాయ్ ఒక బస్సు పైన కూర్చుని ఉన్నాడు. నిచ్చెన ఎక్కి ఆయన పక్కన చేరాను. రేకు కాలుతోంది. తన కింద పరుచుకున్న గోనెపట్టా సగం నా వైపు జరిపాడు. స్క్రూడ్రైవరు పక్కన ఉంది కానీ దాని పిడికి దుమ్ము పట్టి ఉంది.

"ఇక్కడ ఎలా వింటున్నావు బాబాయ్?"

"వినట్లేదు. ఒక్కోదాని వైరూ పీకి చూస్తున్నా. ఏది ఆగితే అది." తర్వాత తనే అన్నాడు. "ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదురా. కంప్రెసరే వినపడింది, ఒట్టు. వాడు ఫ్యాన్ అన్నాడు కదా, అందుకని. వాడే గనక కంప్రెసర్ అనుంటే నాకు ఫ్యాన్ వినపడేది. ముందు విన్నన్నాళ్లూ నాకు బండి వినపడింది. వెనక నిలబెట్టాక వాడే వినపడ్డాడు."

నేను అల్లుడి కబురు చెప్పాను. ఒక్క మాట కూడా కలపకుండా, తీసేయకుండా చెప్పాను. ఆయన వింటున్నంతసేపూ మెడ ముందుకి వంచి, కింద బస్సుల వరస వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక క్షణం ఆయన చెయ్యి స్క్రూడ్రైవరు మీదికి వెళ్లింది. దుమ్ము తుడిచింది. వస్తాడనే అనుకున్నాను.

"ఇస్తానన్నాడా?"

"అవును బాబాయ్. తీసుకోమన్నాడు."

"వాడు ఇస్తే నేను తీసుకోవాలి." ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "మేస్త్రి గారిస్తే నాది. విప్పి గెలిస్తే నాది. వాడిస్తే వాడిదేగా? రోజూ పొద్దున్నే వంగినప్పుడల్లా, పక్కన నిలబడి వాడు ఇస్తూనే ఉంటాడు."

"మరేం చెప్పమంటావు?"

"తీరిక లేదని చెప్పు. బస్సులు చాలా ఉన్నాయని చెప్పు. ఇక్కడ నేనే పెద్దనని చెప్పు." నేను నిచ్చెన దిగుతుంటే పై నుంచి వంగి, గొంతు తగ్గించి మళ్లీ పిలిచాడు. "ఒరేయ్, చెప్పేటప్పుడు వాడి ముఖం సరిగ్గా చూడు. ఎలా పెట్టాడో వచ్చి నాకు చెప్పు."